డాలస్ ఓక్ చెట్టు చేవెళ్ళలో పెరుగుతుందా?

నమస్కారమండీ. మీ ప్రశ్నలు మూడు. డాలస్‌లో మీ అమ్మాయి వాళ్ళ పెరట్లో ఉన్న పెద్ద ఓక్ చెట్టును పక్కింటాయన వైట్ ఓక్ అన్నాడు, నిజమేనా? దాని కాయలు తెచ్చి చేవెళ్ళ దగ్గర మీ పొలంలో నాటితే అంత చెట్టు అవుతుందా? ఈలోగా ఇక్కడ ఒక నర్సరీవాళ్ళు "ఓక్ మొక్క మా దగ్గరే ఉంది సార్" అంటున్నారు, కొనొచ్చా?

చివరిది తేలిక కాబట్టి ముందు దాన్ని తేల్చేద్దాం. కొనకండి. హైదరాబాద్ నర్సరీల్లో ఓక్ పేరుతో అమ్మేది మామూలుగా సిల్వర్ ఓక్. అది ఆస్ట్రేలియా చెట్టు, గ్రెవిల్లియా రోబస్టా. అసలు ఓక్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు, కుటుంబమే వేరు. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం వేసి, మాను మీదికి మిరియాల తీగ పాకిస్తారు చూడండి, అదే. ఆకు సన్నసన్నటి చీలికలుగా ఉంటుంది, తిప్పి చూస్తే అడుగు వెండి రంగులో మెరుస్తుంది. పూలు నారింజ రంగు. గింజకి పల్చటి రెక్క ఉంటుంది తప్ప ఓక్ కాయలాంటిది దానికి ఎన్నేళ్ళకీ కాయదు. పొలం గట్టున వరసగా వేసుకుంటే గాలికి అడ్డుగా బాగానే పనికొస్తుంది. గాలివానకి కొమ్మలు పుటుక్కున విరుగుతాయి కాబట్టి ఇంటి పక్కన మాత్రం పెట్టుకోవద్దు.

ఇక మీ ఫోటోలు. ఓక్ అవునా కాదా అనడానికి కాయ ఒక్కటి చాలు. టోపీ పెట్టుకున్న నున్నటి కాయ, లోపల ఒకటే పప్పు. కాయ దొరకని కాలంలో రెమ్మ కొస చూడాలి, అక్కడ మొగ్గలు ఒక్కటిగా కాకుండా గుంపుగా ఉంటాయి. ఓక్ అని తేలాక అసలు పని మొదలవుతుంది. ప్రపంచంలో ఓక్ జాతులు 400 పైచిలుకు. అమెరికాలో పెద్దగా పెరిగేవాటిని అక్కడివాళ్ళు ముఖ్యంగా రెండు వర్గాలుగా చూస్తారు, తెల్ల ఓక్‌లు, ఎర్ర ఓక్‌లు. తెల్ల వర్గంలో ఆకు అంచు తమ్మెలు, అంటే చెవి తమ్మెల్లా బయటికి వచ్చిన భాగాలు, గుండ్రంగా ఉంటాయి, కాయ ఆ ఏడాదికి ఆ ఏడే పండి రాలుతుంది. ఎర్ర వర్గంలో తమ్మెలు కోసుగా ఉండి ప్రతి కొసనా వెంట్రుకలాంటి ముల్లు ఉంటుంది, కాయ పండడానికి రెండేళ్ళు పడుతుంది. ఆకులన్నీ రాలిపోయాక కూడా తేల్చుకునే ఉపాయం ఒకటుంది. కాయ పగలగొట్టి పప్పు తీసేసి, పెంకు లోపలి వైపు వేలితో రుద్ది చూడండి. నూగు తగిలితే ఎర్ర వర్గం, నున్నగా ఉంటే తెల్లది.

మీ ఫోటోలో ఆకు జానెడుకి పైనే ఉంది. కొస వైపు వెడల్పు, నడుమ దగ్గర రెండు పక్కలా లోతైన నొక్కు, మళ్ళీ తొడిమ వైపు సన్నటి తమ్మెలు. అడుగు భాగం తెల్లగా ఉంది. అయితే నాకు ఖాయం చేసింది మీరు అరచేతిలో పెట్టి తీసిన కాయ. టోపీ కాయని సగానికి పైగా మింగేసింది, దాని అంచు చుట్టూ పీచు కుచ్చులు, తువ్వాలు కొసన దారాలు వదిలేసినట్టు. ఓక్‌లలో ఆ కుచ్చులతో అంత పెద్ద కాయ కాసేది బర్ ఓక్, క్వెర్కస్ మాక్రోకార్పా. ఈసారి వెళ్ళినప్పుడు చిన్న కొమ్మల మీద బెండు లాంటి గట్లు లేచి ఉన్నాయేమో చూడండి, అది కూడా దీని గుర్తే. బర్ ఓక్ తెల్ల వర్గంలోదే కాబట్టి పక్కింటాయన మాట పూర్తిగా తప్పు అనలేం. కానీ వైట్ ఓక్ అని పేరున్న చెట్టు, క్వెర్కస్ ఆల్బా, వేరే. దాని కాయ చిన్నది, టోపీ గరుకుగా ఉండి కాయలో పావు వంతే కప్పుతుంది, కుచ్చులు ఉండవు. దానికి కాస్త పులుపు గుణం ఉన్న నేల కావాలి, సున్నం ఉన్న డాలస్ నల్ల నేలలో సరిగా పెరగదు.

ఆ ఊళ్ళో ఇంకో మూడు రకాలు మీ కంటబడతాయి. రోడ్ల పక్కన చిన్న ఆకులతో, అంచున ఏ నొక్కులూ లేకుండా, చలికాలంలోనూ పచ్చగా ఉండేది లైవ్ ఓక్. ఆకు సిలువ ఆకారంలో కనిపిస్తే పోస్ట్ ఓక్. కోసు తమ్మెలతో, ఆకు రాలే కాలంలో ఎర్రబడేది షుమార్డ్ ఓక్ కావచ్చు, టెక్సస్ రెడ్ ఓక్ కావచ్చు. ఆ రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే ఫోటో చూసి విడదీయడం నాలాంటివాళ్ళకి కుదరదు.

ఇప్పుడు చేవెళ్ళ సంగతి. నా సమాధానం: బతకొచ్చు, కానీ మీరు డాలస్‌లో చూసిన చెట్టు మాత్రం అవదు.

ఈ మాట అంటే చాలామంది "ఎండకి మాడిపోతుంది కదా" అంటారు. కారణం ఎండ కాదు. డాలస్‌లో జూలై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు దాటడం మామూలే, బర్ ఓక్ దాన్ని హాయిగా తట్టుకుంటుంది. నేల కూడా అడ్డం కాదు. డాలస్ ఉన్నది మన రేగడిలాగే బీటలు వారే నల్ల బంకమట్టి మీద. చేవెళ్ళ, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు అలాంటి నేలలు ఎన్ని లేవు? పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ ఆవరణలో ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉంటాయి, ఓ పూట వెళ్ళి చూస్తే తేడా తెలుస్తుంది. బర్ ఓక్‌కి అలాంటి నల్ల నేల అలవాటే.

అడ్డం వచ్చేది చలి. ఉండడం కాదు, లేకపోవడం. బర్ ఓక్ ఆకు రాల్చేది చలికి. పొద్దు తగ్గుతుంటే చెట్టు పని కట్టేసి, ఆకులోని సారం లాక్కుని ఆకు వదిలేస్తుంది. తర్వాత మొగ్గ నిద్రలోకి పోతుంది. ఆ నిద్ర వదలాలంటే కొన్ని వారాల పాటు చలి తగలాలి. డాలస్‌లో జనవరి రాత్రులు సగటున 2, 3 డిగ్రీలు, మధ్యమధ్య మంచు గడ్డ కడుతుంది. మనకి డిసెంబర్, జనవరిల్లో రాత్రి 14, 15 దగ్గర ఆగిపోతుంది, ఏదో నాలుగు రోజులు సింగిల్ డిజిట్‌కి దిగితే పేపర్లో వేస్తారు. పగటి పొద్దు తేడా కూడా అంతే. డాలస్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు 10 గంటలు, అతి పెద్దది 14 గంటల పైన. హైదరాబాద్‌లో 11 నుంచి 13, అంతే తిరుగుడు. ఇక్కడ పెట్టిన చెట్టుకి ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో తెలియదు. సగం కొమ్మ ఆకు పట్టుకుని వేలాడుతుంది, సగం మోడుగా ఉంటుంది, మొగ్గలు ఒక్కసారిగా కాకుండా తలో రోజున విచ్చుకుంటాయి. అలా ఆలస్యంగా వచ్చిన లేత ఆకు ఏప్రిల్ వడగాడ్పులో పడుతుంది. ఇలా ప్రతి ఏడూ దెబ్బ తింటూ పోతే ఉన్న బలమంతా పోయిన ఆకుని మళ్ళీ వేసుకోవడానికే సరిపోతుంది, ఎత్తు పెరగడానికి మిగలదు.

మన అడవి చెట్లు కూడా ఆకు రాలుస్తాయి, కానీ నీళ్ళు లేక. మీరు ఫిబ్రవరి ఆఖర్లో అనంతగిరి గుట్టలకి వెళ్ళండి, అడవి మోడులా ఉంటుంది. అక్టోబర్‌లో వానలు ఆగిపోతే మళ్ళీ జూన్ దాకా చెప్పుకోదగ్గ వాన పడదు కాబట్టి ఆకు పెట్టుకుంటే నీళ్ళు ఆవిరైపోతాయని వదిలించుకుంటాయి. ఇంకా వాన పడకముందే, మండే ఎండలో, లోపల దాచుకున్న నీటితో చిగురేస్తాయి. 2024 మార్చిలో పాపికొండల నేషనల్ పార్కులో అటవీ సిబ్బంది నల్లమద్ది మానుకి గాటు పెడితే నీళ్ళు ధారగా కారిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ విద్య ఓక్‌కి లేదు. డాలస్‌లో వాన మొత్తం మనకన్నా మరీ ఎక్కువేం కాదు, కాకపోతే ఏడాది పొడవునా పంచుకుని పడుతుంది. మనకి పడే 800 మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే అయిపోతుంది.

"మన దేశంలోనూ ఓక్‌లు ఉన్నాయి కదా" అని కూడా అడిగారు. ఉన్నాయి, హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో. ఉత్తరాఖండ్‌లో బాంజ్ అనే ఓక్ 1200 మీటర్ల నుంచి పైన పెరుగుతుంది. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్ల చిల్లర. దక్కన్ మొత్తం మీద సహజంగా పెరిగే ఓక్ ఒక్కటి కూడా లేదు, అందుకే ఎవరైనా డెహ్రాడూన్ నుంచి మొక్క తెప్పిస్తానంటే డబ్బు దండగ అంటాను.

కాయలు సూట్‌కేస్‌లో వేసుకొచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి దేశం నుంచి విత్తనం తేవాలంటే ఇక్కడి నుంచి ఇంపోర్ట్ పర్మిట్, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు, పురుగులు లేవనే ధ్రువపత్రం) రెండూ ఉండాలి. మట్టి అయితే పర్మిట్ లేకుండా చెంచాడు కూడా తేకూడదు. నాలుగు కాయలకి ఇంత టెన్షనా అనిపించవచ్చు. టెక్సస్‌లో ఓక్ విల్ట్ అనే బూజు తెగులు ఉంది, వరసగా చెట్లకి చెట్లే ఎండిపోతాయి. కాయల్లో ముక్కుపురుగులూ ఉంటాయి. మణిపూర్‌లో ఓక్ ఆకు మేపి దసలి (టసర్) పట్టు పురుగుల్ని పెంచుకునేవాళ్ళున్నారు, అలాంటి తెగులు ఒకటి వచ్చిపడితే వాళ్ళ గతేంటి?

అయితే మీ కోరిక తీరే దారి ఒకటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మీరు అక్కడే ఉంటామన్నారు కాబట్టి ఆ కాయల్ని అక్కడే, మనవడి చేత నాటించండి. మీ అమ్మాయి వాళ్ళకి ఆ పెరడు చాలకపోతే దగ్గర్లో ఏ గుడికో, స్కూలుకో అడిగి ఇవ్వొచ్చు. పద్ధతి చెబుతాను.

కాయలు తాజాగా రాలినవి ఏరాలి. రాలి వారం రోజులు ఎండలో పడి ఉన్నవి వద్దు. ఓక్ పప్పు చింతగింజ రకం కాదు, డబ్బాలో పోసి ఉంచితే ఏడాది ఉండదు, ఎండితే చచ్చిపోతుంది. గుండుసూది తలకన్నా కాస్త పెద్ద గుండ్రటి కంత ఉన్నవి పారెయ్యండి, పురుగు తినేసి బయటికి వెళ్ళిపోయిన కాయలవి. మిగిలినవి టోపీ తీసి బకెట్ నీళ్ళలో రాత్రంతా ఉంచితే పుచ్చువి తేలతాయి, మునిగినవే మంచివి. టోపీ చేత్తో తేలిగ్గా ఊడి రావాలి, పట్టుకుని లాగాల్సి వస్తే కాయ ఇంకా పండలేదన్నమాట.

డాలస్ లాంటి దక్షిణాది చోట బర్ ఓక్ కాయ ఆ శరదృతువులోనే వేరు వేసేస్తుంది. కాబట్టి వెంటనే నాటడమే మేలు. ఉత్తరాన మిషిగన్, మిన్నెసోటా కాయలైతే తడి ఇసుకలో కలిపి జిప్ కవర్లో పెట్టి ఒకటి రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డ కట్టే పై అరలో కాదు, కింద కూరగాయల అరలో. మీకా పని లేదు. కాయని పక్కకి పడుకోబెట్టి, అంగుళం నుంచి రెండంగుళాల లోతులో పెట్టి మట్టి కప్పండి. పైన సన్నటి ఇనుప జాలీ పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టకపోతే ఉడతలు తెల్లారేసరికి తవ్వుకుపోతాయి. అక్కడి ఉడత మన ఉడతకి రెండింతలుంటుంది, తిండిపోతు. చలికాలమంతా పైకి ఏమీ కనబడదు, మొలవలేదని తవ్వి చూడొద్దు. కింద వేరు దిగుతూనే ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో మొలక పైకి వస్తుంది.

ఉండాల్సిన చోటే నాటమని నేను గట్టిగా చెప్పడానికి కారణం తల్లివేరు. బర్ ఓక్ మొక్క మొదటి ఏడాది ముగిసేసరికి పైకి జానెడో రెండు జానలో ఉంటుంది, వేరు మాత్రం నాలుగున్నర అడుగుల లోతుకి దిగిన దాఖలాలున్నాయి. కుండీలో వేస్తే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, ఆ చుట్ట తర్వాత విప్పుకోదు. కుండీ తప్పనిసరైతే వెడల్పు కాదు, లోతు చూసుకోవాలి. అడుగు తీసేసిన పొడుగాటి పైపు ముక్కని జాలీ మీద నిలబెడితే వేరు కొస గాలి తగిలి ఆగి, పక్కవేళ్ళు వేస్తుంది. ఏడాదిలోపు నేలలోకి మార్చేయాలి.

ఇంటి గోడకి కనీసం ముప్ఫై అడుగుల దూరం ఉండాలి, చెట్టు పెద్దయ్యాక 80 అడుగుల ఎత్తు, దానికి దీటైన వెడల్పు వస్తుంది. మొదటి రెండు మూడు వేసవుల్లో వారానికోసారి లోతుగా తడపడం, మొదలు చుట్టూ గడ్డి లేకుండా ఆకుచెత్త పరచడం, అది మానుకి తగలకుండా చూడడం, ఇంతకన్నా చాకిరీ లేదు. యూరియా అవసరం లేదు. కొమ్మలు కత్తిరించే పని ఉంటే ఫిబ్రవరి నుంచి జూన్ వరకు కత్తెర పట్టొద్దు, ఓక్ విల్ట్ బూజుని గాట్ల మీదికి మోసుకొచ్చే పురుగులు తిరిగే కాలం అది. ఏ కాలంలో కోసినా గాటుకి వెంటనే పెయింట్ పూయమని టెక్సస్‌లో చెబుతారు. కాయలు చూడాలంటే మాత్రం ముప్ఫై ఏళ్ళ పైమాటే, అది మనవడి వంతు.

చేవెళ్ళ పొలానికి మీకు కావాల్సింది పెద్ద మాను, ఆకు రాల్చి చిగురేసే అందం, మనవలు వచ్చినప్పుడు కింద ఏరుకోవడానికి ఏదో ఒకటి. మర్రి వద్దన్నారు, బీజాపూర్ రోడ్డు మీద రోజూ చూస్తున్నాం కదా అని. రోడ్డు వెడల్పు చేయడంలో ఆ మర్రిచెట్లు పోకూడదని ఇంతమంది కొట్లాడాక ఆ మాట అనడానికి మనసెలా వచ్చిందండీ! సరే, మీ ఇష్టం. నన్నడిగితే ఇప్ప వేయండి.

ఇప్ప మన ఓక్ అనను గానీ ఆ స్థానంలో నిలబడే చెట్టు అదే. వెడల్పుగా గొడుగు పడుతుంది, ఫిబ్రవరి నుంచి ఆకు రాలుస్తుంది, మార్చి, ఏప్రిల్‌లలో మోడు కొమ్మల కొసన పూత గుత్తులు వస్తాయి, తెల్లవారుజామున గుజ్జు పూలు టపటపా రాలతాయి. ఆదిలాబాద్ వైపు వాటిని ఏరి ఆరబెట్టి లడ్డూలు కూడా చేస్తున్నారు. పూత వెనకే రాగి రంగు చిగురు. గింజ స్వభావం కూడా అచ్చం ఓక్ కాయదే. ఎండితే చస్తుంది, కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది. కాబట్టి వానాకాలం మొదట్లో పండు రాలినప్పుడు తెచ్చి, గుజ్జు కడిగేసి, ఆ వారంలోనే పెట్టాలి. కిరాణా కొట్లో నూనె కోసం అమ్మే ఇప్ప పలుకులు మొలవవు, వాటి జోలికి పోకండి. దీనికీ తల్లివేరు గట్టిది కాబట్టి వీలైతే నేరుగా నేలలోనే పెట్టండి. ఒక్కో గుంటలో మూడు గింజలు పెట్టి, ఏడాదయ్యాక బలంగా ఉన్నది ఉంచితే సరి.

ఇంకా ఎత్తు కావాలంటే తాని. త్రిఫలాల్లోని తానికాయ చెట్టే, వంద అడుగులకి పోయే సత్తా ఉంది, ఎండాకాలం మొదట్లో మొత్తం ఆకు దులిపేస్తుంది. మీ పొలంలో నల్లరేగడే ఎక్కువ అంటే నల్లమద్ది మేలు. మొసలి చర్మంలాంటి బెరడు, బంకమట్టిలోనూ బతుకుతుంది. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో దసలి పట్టు పురుగుల్ని మేపేది మద్ది చెట్ల మీదే, మణిపూర్‌లో ఓక్ చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది. దాని విత్తనం సరిగా మొలవదు, మొక్కే తెచ్చుకోండి. అటవీశాఖ నర్సరీల్లో అడగండి, లేదా దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది, అక్కడ వాకబు చేయండి. ప్రైవేటు నర్సరీలో అడిగితే "మద్దా? అదెందుకు సార్, కోనోకార్పస్ తీసుకోండి" అంటారు, వినకండి. పొలంలో వాగు పారుతుంటే దాని ఒడ్డున తెల్లమద్ది.

గుంటలు మే నెలలో రెండడుగుల చొప్పున తీసి ఎండనివ్వండి. పై మట్టిలో పశువుల ఎరువు, రెండు దోసిళ్ళ వేపపిండి కలిపి పెట్టుకోండి, చెద బెడద తగ్గుతుంది. నేల బాగా తడిసిన వాన పడ్డాకే నాటాలి, మొదటి జల్లుకి తొందరపడొద్దు. చెట్టుకీ చెట్టుకీ ముప్ఫై అడుగుల ఎడం. కరెంటు తీగ కింద వద్దు. మొదటి రెండు ఎండాకాలాలు పది రోజులకోసారి రెండు బిందెలు పోయాలి. ముళ్ళకంప కంచె మాత్రం నాటిన రోజే వేయించండి, మర్నాడు వేద్దాంలే అనుకుంటే ఆ రాత్రికే మేకలకి మేతవుతుంది.